మంచులో శవం, తొలి బోనం

మా గౌలిపుర సందులో మిట్టమధ్యాహ్నం చప్పుడు లేని ఇల్లు ఏదైనా ఉందంటే అది రుక్మిణమ్మదే. మిగతా ఇళ్లలో టీవీ అత్తలు టీవీ కోడళ్ల మీద గోడలు అదిరేలా అరుస్తుంటారు. ఈవిడ ఇంట్లో మాత్రం ఏదో మంచు దేశపు పోలీసామె నోరు విప్పకుండా కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంటుంది. రుక్మిణమ్మ కూడా నోరు విప్పకుండా, వెల్లుల్లి పొట్టు తీస్తూ, ఆమెనే చూస్తూ ఉంటుంది.

వాళ్లది పాలవాళ్ల ఇల్లు. బర్రెలు ఇప్పుడు జల్‌పల్లి అవతల కొట్టంలో ఉంటాయి. భర్త ఎల్లయ్య పొద్దున్నే వెళ్లి పాలు పిండుకొస్తే, ఈవిడ అరుగు మీద కూర్చుని కొలిచి పోస్తుంది. కొడుకు నగేష్ క్రికెట్ కోసమని టీవీలో ఏదో యాప్ పెట్టించాడు. అతను డ్యూటీకి పోయాక ఈవిడ రిమోట్ మీద ఏదో నొక్కింది, హిందీ డబ్బింగుతో ఒక సీరియల్ మొదలైంది. మొదట్లోనే గడ్డకట్టిన చెరువు ఒడ్డున ఒక పిల్ల శవం. ఇంకొకరైతే గుండె పట్టుకుని ఆపేసేవారు. రుక్మిణమ్మ పీట దగ్గరికి జరుపుకుంది. అప్పటినుంచి అలాంటివి ఎన్ని చూసిందో లెక్కలేదు. డెన్మార్క్, స్వీడన్, నార్వే, ఏదైనా సరే ఆవిడకు "సలిదేశమే".

నాది మైకుసెట్లు కిరాయికిచ్చే దుకాణం. పాలకు వెళ్లినప్పుడు ఉండబట్టలేక అడిగాను.

"ఏముందక్కా ఇండ్ల? ఎండ లేదు, పాట లేదు, ఒక్కలు నవ్వరు."

"గదే కావాలె తమ్మీ. ఈడ గోడలు కాలుతుంటే ఆడ మంచు పడుతది. నాకు కూలర్ పెట్టినట్టుంటది. ఇగ ఆ పోలీసామెను చూడు. రోజూ గదే స్వెట్టర్. తల దువ్వదు. 'ఇయ్యాల ఏం కూర' అని ఒక్కడన్న అడుగుతడా ఆమెను?"

సీరియళ్లు చూసీ చూసీ ఆవిడ చూపు కూడా మారిపోయింది. ఒకరోజు పాలు పోస్తూ నన్ను కింది నుంచి మీది దాకా చూసి, "నిన్న పొద్దుగూకాల యాడున్నవ్ తమ్మీ?" అంది.

"దుకాణంలనే."

"మరి అంగీ మీద చట్నీ మరకేంది? చాంద్రాయణగుట్ట చౌరస్తాల మిర్చిబజ్జీల బండి కాడ తప్ప గా రంగు చట్నీ యాడ దొరకది. షుగర్ మనిషివి."

పక్కనే మా ఆవిడ ఉంది. ఆ తర్వాతి సంగతి ఇక్కడ అప్రస్తుతం.

అసలు లొల్లి ఆషాఢంలో మొదలైంది. మా వాడకట్టులో తొలి బోనం పాలవాళ్ల ఇంటి నుంచే లేస్తుంది. రుక్మిణమ్మ అత్త ఎత్తింది, అత్త పోయాక రుక్మిణమ్మే ఎత్తుతోంది. ఆ మాట మాట్లాడదామని ఒక శుక్రవారం పసుపు కుంకుమలు పట్టుకుని విమలాదేవి వచ్చింది. విమలాదేవి అంటే, బోనాల కమిటీ పెద్ద, పప్పుల హోల్‌సేల్ వ్యాపారి బసవయ్య భార్య. ఆవిడ గడపలో కాలు పెట్టేసరికి టీవీ నిండా శవం. నీలి పెదవులు, రెప్పల మీద మంచు. దాని ఎదురుగా రుక్మిణమ్మ సర్వపిండి తింటోంది.

"రా విమలమ్మా, కూసో. పిల్ల ఇప్పుడే దొరికింది" అంది సంబరంగా.

విమలాదేవి కూర్చోలేదు. అక్కడి నుంచే వెనక్కి తిరిగి, ఇంటికి పోయి తలస్నానం చేసింది.

మర్నాడు బసవయ్య దుకాణంలో కమిటీ కూర్చుంది. మైకు నాది కాబట్టి నేనూ కమిటీలో ఉన్నాను. రుక్మిణమ్మను పిలిపించారు. అందరం పప్పు బస్తాల మీద కూర్చున్నాం, ఆవిడ మాత్రం నిలబడే ఉంది.

"దినాం పీనుగులను చూసే ఇంట్ల మైల ఉంటది" అంది విమలాదేవి. "ఆ చేతులతోని అమ్మవారి కుండ ఎట్ల ముడుతరు? ఈసారి తొలి బోనం వేరేటోళ్లకు ఇయ్యాలె."

రుక్మిణమ్మ ఏడుస్తుందేమో, కాళ్లావేళ్లా పడుతుందేమో అనుకున్నాం. ఆవిడ కొంగు నడుముకు దోపుకుంది.

"సరే, టీవీల పీనుగను చూసినా మైలనే అందాం. మీ రాత్రి సీరియల్ల మామగారు సచ్చి వారం దాక పాడె మీదనే పండిండు గద. దినాం చూస్తివి. ఎన్నిసార్లు తలకు పోసుకున్నవ్ విమలమ్మా?"

"గాయన సావలే! మల్ల లేచిండు!"

"లేచేదాక నీకు తెల్వదు గద!"

ఎవరో కిసుక్కుమన్నారు. రుక్మిణమ్మ మా అందరి వైపు తిరిగింది. "వార్తలు చూసేటోళ్లు చేతులెత్తుండ్రి. వాటిల పీనుగులు లేవా? నడువుండ్రి, అందరం తలకు పోసుకుందాం. నల్లా రోజు విడిచి రోజు వస్తది. ట్యాంకరెవలు తెప్పిస్తరు సేటూ?"

బస్తాల మీద నవ్వులు. విమలాదేవి ముఖం కందిపప్పు రంగుకు తిరిగింది. బసవయ్య మంచివాడు, భార్య మాట పోకూడదు, సందులో గొడవా కాకూడదు.

"లొల్లి ఎందుకు రుక్మిణమ్మా? ఆషాఢం దాటేదాక ఆ సీరియల్ బంద్ పెట్టు. తొలి బోనం నీదే. ఎవ్వలం ఏమనం."

నాకూ న్యాయంగానే తోచి తల ఊపాను. ఆవిడ నావైపు చూసిన చూపుకు, ఊపిన తలను మెడనొప్పి ఉన్నట్టు సర్దుకోవలసి వచ్చింది.

"బంద్ పెట్ట" అంది రుక్మిణమ్మ.

ఆ తర్వాత కొంచెం గొంతు తగ్గించింది. "మా తమ్ముడు నర్సింగ్ మీకందరికి ఎరుకే. వానలు బాగ పడ్డ ఏడు నాలాల పీనుగై దొరికిండు. తాగి పడ్డడన్నరు. పొద్దున దొరికితే పొద్దుగూకే వరకు కేసంత ఖతం. వాడు చుక్క ముట్టడని మొత్తుకున్న. ఆఖరుసారి వాణ్ని ఎవలు చూసిన్రని ఒక్కలన్న అడిగిన్రా? మీరన్న అడిగిన్రా సేటూ?"

బసవయ్య బస్తా మీది పప్పు గింజలు ఏరుతున్నాడు.

"ఆ సలిదేశంల ఒక్క పిల్ల సస్తే ఊరంత తిరుగుతరు. చెత్తకుప్పలు ఎతుకుతరు. పడవ నడిపేటోన్ని అడుగుతరు, బడి ఊడ్సేటామెను అడుగుతరు. ఆ పోలీసామెను మొగడు ఇడిచిపెట్టె, కన్నబిడ్డ మాట్లాడకపాయె, పెద్దసారు కేసు బంద్ పెట్టుమనె. పెట్టిందా? మరి నేనెందుకు పెట్టాలె? పీనుగను చూస్తున్ననని మీరంటున్నరు. నేను ఎతికేటోళ్లను చూస్తున్న."

గుమ్మం దాకా వెళ్లి మళ్లీ తిరిగింది. "టీవీ నడుస్తది. బోనం లేస్తది. ఆపేటోళ్లు అడ్డం నిలబడుండ్రి."

అడ్డం నిలబడే ధైర్యం మాలో ఎవరికీ లేదు. విమలాదేవి మాత్రం పట్టు విడవలేదు. "మా గడప ముందర నేను సాక పొయ్య" అంది. బోనం ఇంటి ముందుకు వచ్చినప్పుడు ఆ ఇంటావిడ పసుపు, వేపాకు కలిపిన నీళ్లు మోసేవాళ్ల కాళ్ల మీద పోస్తుంది. పోయలేదంటే ఆ బోనాన్ని ఆ ఇల్లు ఒప్పుకోనట్టే. కమిటీ పెద్ద ఇల్లే ఒప్పుకోకపోతే మరుసటి ఏడు తొలి బోనం పాలవాళ్ల ఇంటికి దక్కదని అందరికీ తెలుసు.

బోనాల ఆదివారం వచ్చింది. పసుపు పూసి వేపాకు కట్టిన కుండ, దాని మీద దీపం. రుక్మిణమ్మ ముందు నడుస్తోంది. డప్పులు మోగుతున్నాయి. నేను వైరు లేని మైకు పట్టుకుని పక్కనే ఉన్నాను. గడప గడపకూ సాక పోస్తున్నారు. బసవయ్య ఇంటి ముందుకు వచ్చాం. తలుపు మూసి ఉంది.

రుక్మిణమ్మ ఆగిపోయింది.

డప్పులవాళ్లు కాసేపు అక్కడే తిరుగుతూ వాయించారు. తలుపు తెరుచుకోలేదు. ఏం చేయాలో తెలియక వాయించడం ఆపేశారు.

"నడువక్కా. ఎనుక బోనాలన్ని ఆగినయ్" అని గుసగుసగా అన్నాను.

"ఆగనీ."

చెమట ఆవిడ మెడ మీదుగా కారుతోంది. కుండ మాత్రం కదలడం లేదు. మూసిన తలుపు వైపే చూస్తోంది. అచ్చం కిటికీలోంచి చూసే ఆ పోలీసామె చూపే.

చివరికి గొళ్లెం చప్పుడైంది. విమలాదేవి చెంబుతో బయటికి వచ్చింది. ఎవరి ముఖమూ చూడకుండా వంగి, రుక్మిణమ్మ కాళ్ల మీద నీళ్లు పోసింది. వంగినచోటే, చెవిలో చెప్పినంత మెల్లగా అడిగింది.

"గా పిల్లను సంపినోడు దొరికిండా?"

నెత్తిన కుండతో రుక్మిణమ్మ తల వంచలేదు. ఎదురుగా చూస్తూనే చెప్పింది.

"దొరికిండు. ఆఖరు దాక ఇడువలే వాళ్లు."

నా చేతిలోని మైకు ఆపలేదని నాకు అప్పుడు గుర్తొచ్చింది. రెండు మాటలూ సందులో కట్టిన నాలుగు హారన్ స్పీకర్ల నుంచి గౌలిపుర అంతా వినిపించాయి. విమలాదేవి చెంబు అక్కడే వదిలేసి లోపలికి పరుగెత్తింది. ఆ వెంటనే లోపలినుంచి బసవయ్య గొంతు.

"ఎవడంట వాడు?"

"చెప్ప సేటూ" అంది రుక్మిణమ్మ, అదీ మైకులోనే. "మొదటి నుంచి కూసోని చూడాలె."

డప్పులు మళ్లీ మొదలయ్యాయి.