జంపఖానా నేత పడిన అద్దం

మొన్న మడికొండలో మా అమ్మాయి ఇంటికి వెళ్లేసరికి ఆమె స్కూటరుకు కొత్త గాలి అద్దం బిగించి ఉంది. ఫోనులో చూసి తెప్పించుకుందట. అట్టపెట్టెలో అద్దంతో పాటు నాలుగు మరలు, వాటిని తిప్పే పనిముట్టు కూడా వచ్చాయి. మూడేళ్ల మనవరాలిని ముందు నిలబెట్టుకుని బడికి తీసుకెళ్తుంది గనుక పిల్లకు చలిగాలి కొట్టకూడదని ఆ ఏర్పాటు. ఎంతసేపు పట్టిందే అని అడిగితే, పోసుకున్న చాయ్ చల్లారలేదు నాయినా అంది. వేలితో ఆ అద్దాన్ని నిమిరి చూశాను. నున్నగా ఉంది, ఒక్క గీత లేదు. నాకు ఒళ్లు మండింది.

ఎందుకు మండిందో మన వయసువాళ్లకే చెప్పుకోవాలి. ఎనభైల చివర్లో మేము వరంగల్ సుబేదారిలో రెండు గదుల వాటాలో ఉండేవాళ్లం. నేను ఒక ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌ని, అంటే కాలువల పటాలకు గీతలు గీసి బతికేవాడిని. మా ఆవిడ మడికొండ బడిలో టీచరు. పగలు పిల్లను చూసుకునే దిక్కు ఇంట్లో లేదు గనుక, ఇప్పటి ఈ స్కూటరు అమ్మాయినే, అప్పుడు దానికి మూడేళ్లు, రోజూ పొద్దున్నే మోటారుసైకిలు ట్యాంకు మీద కూర్చోబెట్టి, వెనక మా ఆవిడను ఎక్కించుకుని, పిల్లను మడికొండలో మా అక్క ఇంట్లో, ఆవిడను బడిలో దింపి వెనక్కి వచ్చేవాడిని. ఆ చలికాలం పిల్లకు దగ్గు పట్టుకుంది. దవాఖాన మందుకు తగ్గడం, ట్యాంకెక్కగానే తిరగబెట్టడం. మేడారం వైపు అడవి పక్క ఊరి నుంచి చూడవచ్చిన మా అత్తగారు రెండు రోజులు ఈ ప్రయాణం గమనించి, "పోరిని గాలికి ముంగట పెట్టి నువ్వు దాని ఎన్క దాక్కుంటున్నవ్ బిడ్డా" అంది. మేడారం జాతర దాకా పిల్ల తన దగ్గరే ఉంటుందని తేల్చేసింది. జాతరకు ఇంకా నెలన్నర ఉంది. పిల్ల లేని ఆ రెండు గదుల్లో ఉండడం నా వల్ల కాదనిపించింది. అద్దం బిగిస్తాను, వారం ఆగమన్నాను. "ఐతారం దాక సూస్త" అని ఆమె గడువు పెట్టింది.

నా మోటారుసైకిలు నాకంటే ముందు ఇద్దరికి సేవ చేసి అలిసిపోయినది. దానికి సరిపడే అద్దం వరంగల్ అంగళ్లలో ఎక్కడా లేదు. ఇలాంటప్పుడు తెలివైనవాడు పిల్లను బస్సులో పంపుతాడు. నేను ట్రేసింగు కాగితం మీద ప్లాను గీశాను. బోర్డులు రాసే పెయింటరు దగ్గర రెండు యాక్రిలిక్ షీట్లు దొరికాయి. వేడి చేస్తే అప్పడంలా మెత్తబడుతుంది, చల్లారేలోగా ఎట్లా వంచితే అట్లా ఉండిపోతుంది అని ఆయన చెప్పాడు. వినడానికి అంతా వంగేలాగే ఉంది.

మొదటి షీటును ఇంట్లో పంపుస్టవ్వు మీద కాచాను. మంట తగిలిన చోట పాలు పొంగినట్టు బుడగలు లేచాయి, తగలని చోట చల్లగానే ఉంది. వంచబోతే ఠప్పున రెండు ముక్కలైంది. ఇల్లంతా కంపు. మా ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, దగ్గు గాలి వల్లనా మీ వల్లనా అని అడిగింది. అత్తగారు పిల్ల గౌన్లు సంచిలో సర్దడం మొదలుపెట్టింది.

శనివారం రెండో షీటు పట్టుకుని మా గల్లీ వెనక బేకరీకి వెళ్లాను. దాన్ని నడిపే చాచా, పొద్దుటి రొట్టెలు తీశాక వేడి చల్లారుతున్న భట్టీలో దాన్ని పెట్టడానికి ఒప్పుకున్నాడు గాని, "బన్ను అయితే వాసన చూసి తీస్త సాబ్, దీనికి ఏం చూసి తియ్యాలె?" అని బెంగపడ్డాడు. వంపుకు అచ్చుగా ఒక ఖాళీ డ్రమ్మును అడ్డంగా పడుకోబెట్టాం. దాని పొట్ట చుట్టూ ఉబ్బెత్తుగా రెండు కట్లున్నాయి. వాటి గీతలు అద్దం మీద పడతాయని నా డ్రాఫ్ట్స్‌మన్ కన్ను పసిగట్టింది. వెంటనే ఇంటికి పరిగెత్తి మా పెళ్లికి వచ్చిన, నేల మీద పరుచుకునే జంపఖానా తెచ్చాను. మన ఊరి నేత, దళసరి సరుకు. దానిలో సగాన్ని డ్రమ్ము మీద పరిచి, తడి రొట్టెలా వేలాడుతున్న షీటును దాని మీద వేసి, మిగతా సగం పైన కప్పి, చల్లారేదాకా చాచా, నేను చెరోవైపు అదిమి పట్టాం. వంపు నా ప్లానులో గీసినట్టే వచ్చింది. ఆ సంతోషం జంపఖానా ఎత్తేదాకా ఉంది. పడుగూ పేకా, పోగు పోగునా, రెండు వైపులా అద్దం మీద అచ్చుపడి ఉన్నాయి. రెండు గీతలు తప్పించబోయి వెయ్యి గీతలు తెచ్చుకున్నాను. చాచా దాన్ని కళ్లకు అడ్డం పెట్టుకుని నా వైపు కాసేపు చూసి, "చూసేటందుకు కాదు సాబ్, కూసునేటందుకు మంచిగుంటది" అన్నాడు.

సాయంత్రమంతా పళ్లపొడితో రుద్దితే గీతలు పోలేదు, పైగా అద్దానికి మబ్బు పట్టింది. మొండిగా ఆదివారం పొద్దున అదే బిగించుకుని బయలుదేరాను. ఎదురొస్తున్నది బర్రెనో బస్సో తెలియక గల్లీ మలుపులోనే దిగి, మరలు విప్పి, బండి నెట్టుకుంటూ ఇంటికొచ్చాను. మధ్యాహ్నం బస్సులో అత్తగారు పిల్లను తీసుకుపోయింది. అద్దం లేని కిటికీలోంచి పిల్ల చేయి ఊపింది.

జాతరలో అత్తగారి మొక్కు ప్రకారం పిల్లను తక్కెడలో కూర్చోబెట్టి ఎత్తు బెల్లం తూచారు. అక్కడ దాన్ని బంగారమనే అంటారు. నా మీద బెంగతో చిక్కిపోయి ఉంటుందని లోలోపల ఆశపడ్డాను గాని, తెచ్చిన బంగారం చాలక ఇంకో రెండు ముద్దలు కొనుక్కు రావలసి వచ్చింది. దగ్గు లేదు. చేతులు చాపితే అది అమ్మమ్మ కొంగు చాటుకు పోయింది.

అత్తగారే వెంట వచ్చి మమ్మల్ని సుబేదారిలో దింపింది. మర్నాడు పొద్దున నేను బండి కిక్కు కొడుతుంటే ఆమె వచ్చి, ట్యాంకు మీది పిల్లను ఎత్తి, నా వైపు తిప్పి కూర్చోబెట్టి, నా స్వెటరు బొత్తాలు విప్పి అందులో చుట్టేసింది. "గాలికి నువ్వున్నవ్ గద. ఇగ పో" అంది. మడికొండ దాకా నాకు కోపం తగ్గలేదు. రెండు షీట్లు, ఒక జంపఖానా, నెలన్నర పిల్ల లేని ఇల్లు. పిల్లను ఇటు తిప్పాలన్న ఊహ పటాలు గీసే నా బుర్రకు తట్టనేలేదు.

ఆ తర్వాత రెండు చలికాలాలు దాని నుదురు నా గొంతు కింద వెచ్చగా ఆనుకుని ఉండేది. నా చంక కింది నుంచి తొంగి చూసి, నాయినా, ఎన్క బస్సు వస్తాంది, అని చెప్పేది. దానికి ముందు దారి తెలియదు, నా చొక్కా బొత్తాలే తెలుసు.

మొన్న మా అమ్మాయి స్కూటరు తీస్తే గేటు దాకా వెళ్లాను. మనవరాలు అద్దంలోంచి రోడ్డును చూస్తోంది, తల్లీ రోడ్డునే చూస్తోంది. పిల్లను నీ దిక్కు తిప్పుకోవే అని నోటిదాకా వచ్చింది. అద్దం అంత బాగుంది మరి, చెప్పడానికి నాకు కారణం దొరకలేదు.