దేవునికి దాచిన సంచి

నాకు ముక్కు మీద కోపమని హాస్టల్ పిల్లలంతా అనుకునేటోళ్ళు. కోపం సంగతేమో గానీ, ఆ ముక్కుకు పని మాత్రం చానా చెప్పిన. సారపాకకు దగ్గర్ల ఒక చిన్న చర్చి హాస్టల్‌ల నేను వార్డెన్‌ను. అడవి ఊళ్ళ ఆడపిల్లలు ఉండి చదువుకునేటోళ్ళు. పాఠాలు చెప్పుడు వేరేవాళ్ళ పని, బియ్యం చెడకుంట చూసుడు నా పని. రెండువేల నాలుగు, అయిదు ప్రాంతంల నా బతుకంతా సంచుల చుట్టే తిరిగింది.

సంచిల ఏముంది, ఏదో ఒకటి అంటరు. వానకాలం ఒక్కసారి మా స్టోర్ రూంల నిలబడితే తెలుస్తది. గోనె సంచికి గాలి ఆడుతది గానీ తేమంతా పీల్చుకుంటది, ఎలుక పళ్ళు పెట్టుడే ఆలస్యం. ప్లాస్టిక్ సంచి అయితే లోపల చెమట పట్టి బియ్యం ముక్కిపోతయి. అందుకని ఖమ్మం పోయి, పాత సంచులమ్మే దుకాణంల కూర్చొని, దగ్గరి నేతవి, తిండి సరుకే పోసినవి చూసి చక్కెర సంచులు, మైదా సంచులు ఏరుకునేదాన్ని. ఒక్కో సంచిల తలకాయ పెట్టి వాసన చూసేదాన్ని. మిరపకాయలు పోసింది, కిరసనాయిలు తగిలింది, అన్నీ పక్కకు. దుకాణపాయనకు విసుగొచ్చి, పెండ్లిపిల్లను చూసుడుకు కూడ ఇంతసేపు పట్టదమ్మా అనేటోడు. నాకు నవ్వే ఓపిక కూడ ఉండేది కాదు. ఆ మూటలు బస్సెక్కించేసరికి నడుము పడిపోయేది, ఆ పైన కండక్టర్‌తో లగేజీ లొల్లి.

ఇంత తిప్పలు ఎందుకంటే, నేను పనిల చేరిన కొత్తల పిల్లలు ఒకనాడు అన్నం తిని వరసబెట్టి కక్కుకున్నరు. ఆటోలల్ల వేసుకొని, వంతెన దాటి, భద్రాచలం దవాఖానాకు ఉరికినం. దేవుని దయ, అందరూ దక్కిన్రు. ఎక్కడొచ్చిందా అని వెతికితే, ఆ బియ్యం ఎవరో పత్తిచేనుకు పురుగుమందు డబ్బాలు మోసిన యూరియా సంచిల పోసి పంపిన్రు. ఆనాటి సంది ఏ సంచినైనా వాసన చూడంది లోపలికి రానియ్యలేదు.

మా దిక్కు యూరియా సంచి అంటే చిన్నచూపు లేదు. తెల్లగ ఉంటది, గట్టిగ ఉంటది. వానొస్తే నెత్తిన కప్పుకునే కొప్పెర, తలుపు లేని ఇంటికి పరద, పండుకుంటే చాప. ఇంట్ల మంచి సంచి ఏదంటే అదే. కోత పండుగకు కొత్త బియ్యం చర్చికి తెచ్చేటప్పుడు, చిరిగిన గోనెల దేవునికి ఎట్ల ఇస్తమని, ఆ మంచి సంచినే వాగుల ఉతికి, అందుల పోసుకొచ్చేటోళ్ళు. వాళ్ళ భక్తి ఎంత ఎక్కువుంటే నాకంత భయం. మందు మోసిన సంచిల తినే బియ్యం పొయ్యొద్దని ఊరూరు తిరిగి నోరు పడిపోయేదాక చెప్పిన, చెవిటోని ముందు శంఖం ఊదినట్టే అయింది.

మా కాడ ఇంకో రివాజు ఉండె. పండుగనాడు ఎవరో ఒక ఇంటి బియ్యం తొలి కుండకు తీసుకుంటం. ఇచ్చినోళ్ళు పిల్లల పంక్తిల కూర్చొని, వాళ్ళతోనే తినాలె. ఆ ఏడు వంతు ఒక ముసలామెది. ఆమె మనవరాలు మా దగ్గర అయిదో తరగతి. తల్లీ తండ్రీ లేని పిల్ల, ఈమెనే సాకింది. తన చేను బియ్యం మనవరాలు పదిమందితో కలిసి తింటుంటే చూడాలని ఏండ్ల సంది ఆశపడ్డదట. బియ్యం తనే దంచి, నెత్తిన పెట్టుకొని అడవిదారిన నడిచొచ్చింది.

తెల్ల సంచి. ఉతికి ఉతికి దాని మీది అక్షరాలు కూడ పోయినయి. మూతి ఎర్రదారంతోని ముద్దుగ కుట్టింది. చర్చి అయ్యగారు ప్రార్థన చేసి దీవించిండు. నేను వంటింట్ల దారం తెంపి తలకాయ పెట్టిన. సన్నగ మందు వాసన. నా భ్రమేమోనని మళ్ళ పెట్టిన. భ్రమ కాదు. దేవుడా, ఈ ఒక్కసారికి నా ముక్కు చెడిపోతే ఏం పోయేది అనుకున్న.

బయటికొచ్చి, "పెద్దమ్మా, ఈ బియ్యం పిల్లలకు పెట్టలేను" అన్న.

తానేం తప్పు చేసిందో చెప్పమన్నది. సంచి సంగతి చెప్పిన. అవ్, చేనుకు మందు డబ్బాలు తెచ్చిన సంచే గానీ, బూడిదేసి తోమి ఉతికిన అన్నది. ఎంత తోమినా పోదని చెప్పిన. కోపానికి రాలేదు. తెంపిన ఎర్రదారం వేలికి చుట్టుకుంట మెల్లగ అడిగింది.

"ఇంట్ల మేము దీంట్లయే తింటున్నం గదమ్మా. పిల్ల సెలవులకొస్తే అదీ ఇవే తింటది. మరి మా సంగతేంది?"

ఏడుపొచ్చింది, ఏడ్చే ఓపిక లేక ఊకున్న. హాస్టల్ బియ్యమే వండించిన. ముసలామె పంక్తిల కూర్చొని ఒక్క ముద్ద తిని చెయ్యి కడుక్కుంది. ఆమె బియ్యం పెరట్ల గుంత తీసి పూడ్పించిన. తినే గింజ మీద మన్ను పొయ్యంగ చూసుడు నాకదే మొదలు. దానికి బదులు మా బియ్యం ఒక చక్కెర సంచిల పోసిచ్చి, ఇంకో ఖాళీ సంచి మడిచి చేతుల పెట్టిన. ఇంటి బియ్యం ఇగ వీటిల్లనే పొయ్యాలని ఒకటికి పదిసార్లు చెప్పిన. తలూపి, రెండూ కండ్లకద్దుకొని పోయింది.

మరుసటేడు మళ్ళ ఆమె వంతే రావాలని నేనే పట్టుబట్టిన. నేనిచ్చిన సంచులే, రెండూ నిండుగ తెచ్చింది, ఒకటి తను మోసి, ఒకటి పక్కింటాయనతో మోపించి. ఒక్క చిరుగు లేదు, ఒక్క మరక లేదు. తలకాయ పెడితే కొత్త బియ్యం వాసన తప్ప ఏమీ లేదు. తొలి కుండ ఆ బియ్యమే వండించిన. మనవరాలి పక్కన కూర్చొని కడుపునిండ తిన్నది, మారు కూడ అడిగింది. చానా దినాలకు నా నడుము నొప్పి కూడ తగ్గినట్టనిపించింది.

చేతులు కడుక్కుంటుంటే ఊరికే అడిగిన, సంచులు ఏడాదంతా ఇంత కొత్తగ ఎట్ల ఉంచినవని.

"మంచియి గదమ్మా, దేవునికని పెట్టెల దాచిన" అన్నది. "ఇంటికేమున్నది, ఆ పాతయి ఉన్నయి గద."

ఆ రోజు నుంచే పిల్లలకు క్రిస్మస్ సెలవులు. మనవరాలు బట్టల మూట సంకన పెట్టుకొని, జల్దీ ఇంటికి పోదాం రా అవ్వా అని ఆమె కొంగు పట్టి గుంజుతున్నది.