దంతానికి జోడీ

పొయ్యి వెలిగించగానే తొలి అట్టుముక్క నిప్పుకు నైవేద్యం పెట్టి, తర్వాత మొగుడికి పాలు కలిపిన టీ పోయడం తుయారాకు ఇరవై ఏళ్ల అలవాటు. ఈ వేసవిలో మాత్రం పొయ్యికంటే ముందు కొట్టుగదిలోకి వెళుతోంది. అక్కడ ఏనాడో అంతరించిన మామత్ ఏనుగు దంతం, ఆమె నిలువెత్తుది, గుడ్డలు చుట్టుకుని పడుంది. వేల ఏళ్లు మంచునేలలో ఉన్నది ఒక్కసారిగా ఆరితే బీటలు వారి ఎందుకూ కొరగాదు. అందుకే మోకాళ్ల మీద కూర్చుని, జ్వరం వచ్చిన పిల్లకు ఒళ్లు తుడిచినట్టు మెల్లగా ఆ గుడ్డలు తడుపుతుంది. దంతం తీసినచోట నేలకు బదులుగా వెండి పెట్టి రావాలని పెద్దల మాట. దీన్ని తవ్వి తీసిన అన్నదమ్ములు, ఆమె మొగుడూ మరిదీ, సంబరంలో అది మరిచారు. మర్నాడు రెండో దంతం కోసం నీళ్లపంపు ధారతో ఏటిఒడ్డును తొలుస్తుంటే అది కూలి, ఆమె మొగుడు అయాల్ పోయాడు.

నిన్న మరిది మిచిల్ వచ్చాడు. "బాగా తాగించు వదినా, దీనికి అన్నకంటే దాహమెక్కువ," అని నవ్వబోయి ఆగాడు. "ఎల్లుండి బేరగాడొస్తాడు. ఆ డబ్బుతో కొత్త పంపు కొంటా. దీని జోడీ ఇంకా అక్కడే ఉంది."

"మీ అన్నను మింగిన గుంటలోకా?"

"ఈసారి వెండి పెడతాగా. నీ వెండి చెవిపోగొకటి ఇవ్వు."

"రెండూ తీసుకో. అక్కడికి మాత్రం వెళ్లకు."

"పంపు చేతికొచ్చాక ఇంట్లో కూర్చోవడం నా వల్ల కాదు వదినా."

ఈ ఉదయం తుయారా బకెట్టుతో కొట్టుగదిలోకి వెళ్లింది. గుడ్డలు ఒక్కొక్కటే విప్పి మడతపెట్టింది. దంతం మీద ఎండ పడేలా తలుపు బార్లా తీసి, నీళ్లు ఆవుకు పెట్టింది.