నిర్మాల్యంలోని పుప్పొడి

మా డాబా మీదకి ముళ్ళ మొక్కలు రావడం మా అత్తగారికి మొదట్లో బొత్తిగా ఇష్టం లేదు. నరసన్నపేటలో మా వీధి మొత్తానికి వినిపించేలా అనేవారు.

"కంచెకి ఏసుకునే దాన్ని కుండీలో ఏసి నీళ్ళు పోస్తన్నావేటి? మతి పోనాదా నీకు? ముళ్ళ మొక్క ఇంట్లో ఉంటే తగువులొస్తాయే."

"ఇప్పుడు నువ్వాడతన్నది ఏటి మరి, అత్తా?" అనేదాన్ని. ఆవిడకి నవ్వొచ్చేసేది. అక్కడితో ఆ తగువు అయిపోయేది.

మొదటి మొక్క భోగాపురం దగ్గర రోడ్డు పక్క నర్సరీలో కొన్నాను. పచ్చటి కాడ మీద ఎర్రటి బంతి. పువ్వనుకున్నాను. ఇంటికొచ్చి ఫోనులో వీడియోలు చూస్తే తెలిసింది, ఆ ఎర్రది కూడా ఒక మొక్కేనట. ఒంట్లో పచ్చదనం లేక తన తిండి తాను వండుకోలేదట. అందుకని ఇంకో కాడ మీద అంటు కడతారట. ఎవరో ఒకరు మోస్తే బతికేవాళ్ళమే కదా అందరం అనుకుని ఆ రోజు దానికి, దాన్ని మోసే కాడకి కలిపి ఒక దండం పెట్టాను.

దండం పెట్టినంత మాత్రాన మొక్క బతకదు. తులసమ్మకి పోసినట్టే దానికీ రోజూ ఒక చెంబుడు నీళ్ళు పోశాను. మా అత్తగారు తిడుతూనే, జాలిపడి, నాకు తెలియకుండా బియ్యం కడుగు పోసేవారు. మా ఇద్దరి ప్రేమా తట్టుకోలేక పదిహేను రోజుల్లో కుళ్ళిపోయింది. అప్పటినుంచి వంశధార ఇసుక, ఇటుక ముక్కలు, బొగ్గు కలిపి కుండీలు నింపడం నేర్చుకున్నాను. నీళ్ళు పోయకుండా చేతులు కట్టుకుని ఉండడం నేర్చుకోడానికి మాత్రం ఇంకా ఎక్కువ కాలం పట్టింది.

నేను బడికి వెళ్ళలేదు. మా నాన్న ఇంటి అరుగు మీద అక్షరాలు దిద్దించి, పంచాంగం చదవడం దాకా నేర్పించారు. ఈ మొక్కల పేర్లేమో నోరు తిరగనివి. అందుకని నా పేర్లు నేను పెట్టుకున్నాను. తెల్లటి జుట్టు కప్పుకున్నది తాతయ్య. అయిదు పలకలుగా, నక్షత్రంలా ఉండి, ఒళ్ళంతా బియ్యప్పిండి జల్లినట్టు తెల్లటి చుక్కలున్నది ముగ్గు మొక్క. దానికి ఒక్క ముల్లు కూడా ఉండదు. పువ్వు మాత్రం అచ్చ పసుపు.

బొబ్బిలి నుంచి వచ్చే ఒకావిడ అదే నర్సరీలో పరిచయమైంది. నన్ను వదినా అంది, నేనూ వదినా అన్నాను. అలా చుట్టాలమైపోయాం. ఆవిడ దగ్గర ఇంకో రకం ముళ్ళు లేని మొక్క ఉంది. అది గుండ్రంగా, చిన్న గుమ్మడికాయలా ఉంటుంది. దాని పసుపు పువ్వుకి గొంతులో ఎర్రటి మచ్చ. నా దాని చుక్కల ఒళ్ళు, ఆవిడ దాని ఎర్ర గొంతు కలిసిన పిల్ల మొక్క పుట్టాలని మా ఇద్దరికీ ఆశ. ఈ మొక్కలు తమ పుప్పొడితో తాము కాయ కట్టవు. రెండూ ఒకేసారి పూయాలి. మూడేళ్ళు చూశాం. నాది పూస్తే ఆవిడది పూసేది కాదు, ఆవిడది పూస్తే నాది మొగ్గైనా వేసేది కాదు.

నాలుగో ఏటి శ్రావణంలో కుదిరింది. గురువారం నా ముగ్గు మొక్క పూసిందని ఫోను చేస్తే, ఆవిడ సాయంత్రానికల్లా మొగ్గతో ఉన్న మొక్కని ఒళ్ళో పెట్టుకుని బస్సులో దిగింది. కండక్టరు "ఏటమ్మా అది, కొత్త రకం దోసకాయా?" అని అడిగాడట.

"రేపు మజ్జానానికి మాది విచ్చుకుంటాది వదినా. ఇక పెళ్ళే!" అంది.

మర్నాడు శ్రావణ శుక్రవారం. మా వీధిలో శుక్రవారం పూలు ఎవరి చెట్టున ఉన్నా అందరివీ. తెల్లారకుండానే గోడ మీంచి చేతులొస్తాయి. దేవుడికే కదా అని ఎవరూ ఏమీ అనరు. మా నందివర్ధనం, మందారం రెండూ ఆ రోజు మా అత్తగారు లేచేసరికే బోడిగా ఉన్నాయి. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. ఆవిడ స్నానం చేసి, తడి జుట్టుతో డాబా ఎక్కారు. ఆ సంగతి నాకు తెలియదు.

ఏడు గంటలకి కాఫీలు పట్టుకుని నేను, వదిన డాబా ఎక్కాం. నా ముగ్గు మొక్క తల మీద పువ్వు లేదు.

కిందకి పరుగెత్తాను. దేవుడి గూట్లో దీపం వెలుగుతోంది. అమ్మవారి పటం ముందు, ఇంకే పువ్వూ లేని పళ్ళెంలో, నా పసుపు పువ్వు. రాత్రి ముడుచుకున్నది, ఇంకా ఎండ తగలలేదు కాబట్టి అలాగే ఉంది. పైన కుంకుమ.

"ఏటే అలగ నిలబడిపోనావు?" అన్నారు మా అత్తగారు. "ఒక్క పువ్వూ ఒగ్గనేదు దొంగమొకాలోళ్ళు. నీ మొక్కే ఆదుకున్నాది. ముల్లు నేదు, ఏటీ నేదు, పసుపుముద్దలాగుంది. అమ్మోరికి పెట్టీసినాను."

ఇన్నేళ్ళుగా కంచె మొక్క అని తిట్టిన ఆవిడ మొదటిసారి నా మొక్క పువ్వుని అమ్మవారి ముందు పెట్టారు. సంతోషంతో ఏడవాలో, మూడేళ్ళ ఆశ పోయిందని ఏడవాలో తెలియలేదు. రెంటికీ కలిపి కాసిన్ని కన్నీళ్ళొచ్చాయి.

వదిన సంగతంతా చెప్పేసింది. మా అత్తగారు నోటి మీద చెయ్యి వేసుకున్నారు. "ఓలమ్మ! ముందే సెప్పొద్దేటే? పెళ్ళికొడుకుని కోసీసినానా?"

"ఏటీ మించిపోనేదు. పుప్పొడి అందులోనే ఉంటాది. తీసీ వదినా," అంది వదిన.

నా చెయ్యి వెళ్ళలేదు. పెట్టినదాన్ని మర్నాడు నిర్మాల్యం తీసేవరకూ మా ఇంట్లో ఎవరూ ముట్టరు. ఒకసారి ఇచ్చాక అది నాది కాదు. "రేపు పొద్దున్న దాకా అమ్మోరిదే వదినా," అన్నాను.

"అమ్మోరేటి ముగ్గులేసుకుంటాదా పుప్పొడితో!" అని వదిన విసుక్కుంది గానీ, తనూ ముట్టుకోలేదు.

మధ్యాహ్నం ఎండ కాసింది. ఆవిడ మొక్క పువ్వు నిండుగా విచ్చుకుంది, గొంతులో ఆ ఎర్రటి మచ్చతో. మేమిద్దరం పక్కన కూర్చుని, పెళ్ళికొడుకు రాని పందిరిలో చుట్టాల్లా దాని మొహం చూస్తూ ఉండిపోయాం. ఇది మహా అయితే మూడు రోజులుంటుంది. మబ్బు పడితే అసలు తెరుచుకోదు. సాయంత్రానికి సముద్రం వైపు నుంచి మబ్బు లేచింది. ఇంకో భయం కూడా ఉంది. పూలు పెట్టేటప్పుడు మా అత్తగారు నీళ్ళు చిలకరిస్తారు. పుప్పొడి తడిస్తే పనికిరాదు.

శనివారం పొద్దున్న మా అత్తగారు అందరికంటే ముందు లేచారు. ఎప్పుడూ నిర్మాల్యం కొబ్బరి మొదట్లో వేసే ఆవిడ, ఆ పువ్వుని తమలపాకులో పెట్టి రెండు చేతులతో నాకిచ్చారు.

"ఇదుగో, ప్రసాదం. ఇంక నీదే."

రేకులు విప్పి చూశాను. ముడుచుకుని ఉండగానే కోశారు కాబట్టి, నీళ్ళు, కుంకుమ పై రేకుల మీదే ఆగిపోయాయి. లోపల పుప్పొడి పొడిగా, పసుపుగా రాలింది. ఆకాశం మాత్రం మూసుకుని ఉంది. ముగ్గురం డాబా మీద కూర్చున్నాం. మా అత్తగారు జపమాల తిప్పుతూ, మధ్యమధ్య మబ్బుల్ని తిడుతున్నారు. పన్నెండు దాటాక ఒక్క అరగంట ఎండొచ్చింది. పువ్వు సగం విచ్చుకుంది. నా దగ్గర కుంచె లేదు. దీపానికి చేసిన కొత్త ఒత్తి ఒకటి తీసి, దాని కొసతో పుప్పొడి అద్దాను. మళ్ళీ మబ్బు పడింది.

వారానికి పువ్వు అడుగున పచ్చటి ఉబ్బు కనిపించిందని వదిన ఫోను చేసింది. అప్పటికే మొక్క బొబ్బిలి చేరిపోయింది. వెళ్ళేటప్పుడు, పిల్లల మీద హక్కు నాదంటే నాదని మేం వాదించుకుంటుంటే, వదినే తీర్పు చెప్పింది. "మొదటి పురుడు పుట్టింట్లోనే గదా. మా పిల్లని నేను తీసుకుపోతన్నాను."

కాయ పగిలాక చలిమిడితో, అరిసెలతో, కుంకుమ భరిణెలో విత్తనాలతో సారె తెచ్చింది. సగం నాకు, సగం తనకి. మూతున్న మిఠాయి డబ్బాలో ఇసుక పోసి చల్లాను. నాలుగో రోజుకి ఆవగింజంత పచ్చటి పూసలు లేచాయి. కొన్ని బూజుకి పోయాయి. మిగిలినవాటికి రోజూ చెప్పుకున్న కృతజ్ఞత ఇంతా అంతా కాదు.

నాలుగేళ్ళకి, ఈ శ్రావణంలో వాటిలో మొదటిది పూసింది. ఒళ్ళంతా బియ్యప్పిండి చుక్కలు. పసుపు పువ్వు, మధ్యలో ఎర్రగా. ఫోటో పంపితే వదిన వెంటనే ఫోను చేసింది. "సూసినావా, మా పిల్ల పోలికే!"

మా అత్తగారు మెట్లెక్కి వచ్చి, చాలాసేపు చూశారు. "మీ మొకం. ఆయేల నేను పెట్టిన కుంకుమే ఇది," అన్నారు.

ఆ ఎరుపు బొబ్బిలిదని నాకు తెలుసు. అలాగని ఆ కుంకుమది పూర్తిగా కాదని ఇప్పటికీ అనుకోవడం లేదు.

"కోసుకో అత్తా," అన్నాను.

"కొయ్యడమేటి?" అని, ఆవిడ కొంగుతో కుండీకి అంటిన ఇసుక తుడిచి, మొక్కని కుండీతో సహా రెండు చేతులా పట్టుకుని, ఒక్కొక్క మెట్టే దిగి దేవుడి గూటి వైపు నడిచారు.