కళ్ళు పెట్టని గుడ్డెలుగు

గద్వాల కొత్త జిల్లా అయిన మరుసటి వేసవిలో నన్ను వనపర్తి నుంచి అక్కడికి డిప్యుటేషన్ మీద పంపారు. హోదా సీనియర్ ఇన్‌స్ట్రక్టర్. పని, ఆడవాళ్ళకు బొమ్మలు చేయడం నేర్పడం. మామూలు బొమ్మలు కావు. మెడ, చేతులు, కాళ్ళు విడివిడిగా తిరిగే ఎలుగుబంటి బొమ్మలు, పూర్తిగా చేత్తో కుట్టేవి. శిక్షణ చివర పరీక్ష ఉంటుంది. పాసైనవాళ్ళను అదే హాల్లో మొదలయ్యే తయారీ యూనిట్‌లోకి తీసుకుంటారు. తప్పినవాళ్ళు ఇంటిదారి పట్టాలి.

నాకు సహజంగానే ఒకచోట కాలు నిలవదు. ఆ హాల్లో అసలే నిలవలేదు. బొచ్చుగుడ్డ కత్తిరించేటప్పుడు ఫ్యాను వేయకూడదు, నూగు లేచి ముక్కుల్లోకి పోతుంది. ఎండాకాలంలో గద్వాలలో ఫ్యాను ఆపుకొని కూర్చోవడమంటే ఏమిటో అక్కడివాళ్ళకు చెప్పనక్కర్లేదు. కత్తెర మొనతో అడుగు నేతను మాత్రమే కోయాలి, బొచ్చు తెగకూడదు. తొందరపడితే బొమ్మకు బట్టతల వస్తుంది. నోటితో నిదానం, నిదానం అంటూనే నేను కాలుకాలిన పిల్లిలా బల్లల మధ్య తిరిగేదాన్ని. వాళ్ళు నా వెనక నవ్వుకునేవాళ్ళని తెలుసు.

టెడ్డీ అన్న మాట ఎవరి నోటా నిలవలేదు. అందరూ గుడ్డెలుగు అనేవాళ్ళు. గుడ్డతో చేసింది కనుక అలా అంటున్నారని పైనుంచి వచ్చినవాళ్ళు అనుకునేవారు. కాదు. పాలమూరులో అడవిలో తిరిగే ఎలుగుబంటినే గుడ్డెలుగు అంటారు. నల్లమల పక్కన నాగర్‌కర్నూల్‌లో కొన్నేళ్ళు పనిచేశాను కాబట్టి నాకు ఆ మాట కొత్త కాదు.

ఈ బొమ్మ ప్రాణమంతా కీళ్ళలో ఉంటుంది. చేతికీ ఒంటికీ మధ్య రెండు గట్టి అట్టబిళ్ళలు, వాటిగుండా రెండు కాళ్ళున్న ఒక పిన్ను. ఆ పిన్ను కాళ్ళను ఒంటి లోపల పటకారుతో చెరోవైపు చుట్టి బిగించాలి. వదులైతే చెయ్యి వేలాడుతుంది, మరీ బిగిస్తే కదలదు. తల విషయంలో నేను నేర్పిన వరస వేరు. ముందు తలను గట్టిగా కూరి, ముక్కు కుట్టి, కళ్ళు పెట్టి, ఆ తర్వాతే మెడ కీలు బిగించాలి. కళ్ళంటే గాజు పూసలు. మైనం రాసిన దారంతో తల వెనక్కి లాగి ముడివేస్తే గుంటల్లోకి కూర్చుంటాయి. దూరందూరంగా పెడితే పసిమొహం, దగ్గరగా పెడితే గడుసుమొహం. బొమ్మకు గుణం కళ్ళతోనే వస్తుందని రోజూ చెప్పేదాన్ని.

ధరూర్ నుంచి షేర్ ఆటోలో వచ్చే శాహీన్ అక్కడే ఆగిపోయింది. కుట్టులో, కూరడంలో ఆమెకు వంక పెట్టలేం. కళ్ళ దగ్గరికి వచ్చేసరికి సూది కింద పెట్టేసింది. "జాన్ ఉన్నదాని లెక్క కండ్లు పెట్టొద్దని మా నానీ చెప్పింది మేడం. నాతోని కాదు," అంది. ప్రాణమున్నట్టు రూపం చేయడం దేవుడి పనికి పోటీ పడడమని ఆమె అమ్మమ్మ నమ్మకం. పక్క బల్ల రజియా బేగం వయసులో పెద్దది, తన బొమ్మకు నిశ్చింతగా కళ్ళు కుట్టుకుంటోంది. పిల్లలాడుకునే బొమ్మకు ఏం ఫరక్ పడదని ఆమె నచ్చజెప్పింది. శాహీన్ వాదించలేదు, సూదీ ముట్టలేదు.

నాకు కోపం వచ్చింది. బొమ్మ మొదలు నుంచి చివరిదాకా ఒకే చేతి పని కావాలన్నది పరీక్ష నియమం. అయినా సరే, రజియాతో కళ్ళు కుట్టించేయమని, ఎవరూ అడగరని శాహీన్‌కు చెప్పాను.

"గట్లయితె అది నాదెట్లయితది?" అంది.

విసురుగా వెళ్ళి ఫ్యాను వేశాను. నూగంతా లేచి అందరూ తుమ్మడం మొదలుపెట్టారు. ఆ సాయంత్రం శాహీన్ ఆటో ఎక్కబోతూ మళ్ళీ నా దగ్గరికి వచ్చింది. "ఇంట్ల ఒక్కదాన్నే మిషిన్ తొక్కి తొక్కి పరేషానైన. ఈడ నలుగురి నడుమ కూసుంటె మంచిగనిపిస్తది. నన్ను పంపియ్యకుండ్రి," అంది. పంపేది నేను కాదని చెప్పాను. అది నిజమే గాని, ఆ జవాబు నాకే రుచించలేదు.

పరీక్షకు అసెసర్ హైదరాబాదు నుంచి వచ్చాడు. పుట్టి పెరిగింది కోస్తాలో. ఆయన బొమ్మలు చూస్తున్నంతసేపూ ఇన్‌స్ట్రక్టర్ గోడ పక్కన నిలబడాలి, నోరు విప్పకూడదు. నాకు అంతకంటే పెద్ద శిక్ష లేదు. ఆయన ఒక్కో బల్ల దగ్గర ఆగి చేతులు లాగి, మెడ తిప్పి, కుట్లు చూసి మార్కులు వేస్తున్నాడు. శాహీన్ బల్ల దగ్గరికి వచ్చి కదలకుండా నిలబడిపోయాడు.

ఆమె బొమ్మ తల ఒక పక్కకు వాలి ఉంది. ఒక చెయ్యి కాస్త ముందుకు వచ్చింది. వాకిట్లో ఎవరో పిలిస్తే చేసే పని ఆపి వింటున్నట్టు కూర్చుంది. కళ్ళు లేవు కనుక శాహీన్ చెప్పదలచుకున్నదంతా బొమ్మ మెడ పిన్నుతో చెప్పింది. వాల్చిన తల వాల్చినట్టే నిలిచేంత బిగువు, అంతకు మించి లేదు.

"కళ్ళేవమ్మా?" అన్నాడు ఆయన.

శాహీన్‌కు జవాబు చెప్పే సందివ్వకుండా, పక్కనున్న, గట్టు ఊరి నుంచి వచ్చే ఎల్లమ్మ ఉండబట్టలేక, "గది గుడ్డెలుగు సార్," అంది. ఎలుగుబంటే కదా, కళ్ళు లేకపోతే ఏం, పోనివ్వండి అని ఆమె భావం. ఆయనకు గుడ్డి ఎలుగు అని వినిపించింది. "ఓహో, గుడ్డిదా! అందుకేనా చెవి ఒగ్గి వింటోంది," అని ముచ్చటపడి, ముఖభావం అన్న గడిలో ఆ రోజు ఎవరికీ వేయనన్ని మార్కులు వేశాడు.

ఎల్లమ్మ నావైపు చూసింది. నేను నేలవైపు చూశాను. నోరు విప్పకూడదన్న నియమం నా ఉద్యోగంలో మొదటిసారి నాకు నచ్చింది. ఆయన పక్క బల్లకు అడుగు వేస్తే చాలు, శాహీన్ చోటు ఖాయం. ఆ అడుగు కోసం ఆయన బూట్లనే చూస్తున్నాను.

"కాదు సార్," అంది శాహీన్. "మా దిక్కు ఎలుగుబంటినే గుడ్డెలుగంటరు. ఇది గుడ్డిది కాదు. కండ్లు పెట్టుడు నాతోని కాదు. నేనే పెట్టలే."

"నీ నోట్ల మన్నువడ," అని ఎల్లమ్మ తల పట్టుకుంది.

అసెసర్ బొమ్మను మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. కళ్ళ గడిలో సున్నా వేశాడు. తర్వాత కలం ముఖభావం గడి మీదికి వచ్చి ఆగింది. ఆయన కొట్టేయలేదు. "ఇది వింటున్నట్టు ఉందని ఆ మాట చెవిన పడకముందే అనుకున్నాను. మార్కులు మాటకు వేయలేదు," అని పక్క బల్లకు వెళ్ళాడు. పాసైనవాళ్ళలో శాహీన్ అందరికంటే చివర నిలిచింది. తర్వాత యూనిట్‌లో కళ్ళు రజియా పెట్టేది, మెడలన్నీ శాహీన్ బిగించేది.

ఆ పరీక్ష తర్వాత నేను నేర్పే వరస మార్చాను. మెడ కీలు ముందు, కళ్ళు చివర. పొడవాటి సూది ఉంటే బిగించిన తలకైనా కళ్ళు పెట్టవచ్చు. అంతకుముందు బొమ్మను కళ్ళు లేకుండా బల్ల మీద కూర్చోబెట్టి చూడాలి. ఎవరో కూర్చున్నట్టు అనిపించకపోతే పూసల డబ్బా తీయనక్కర్లేదు. మెడ విప్పి మళ్ళీ బిగించాలి.