వంగనారు వెంట పోయిన మట్టి

సిద్దిపేటలో నారు అమ్మే దుకాణం ముందు నిలబడితే ఇప్పుడు మట్టి వాసన రాదు, తడిసిన కొబ్బరిపొట్టు వాసన వస్తుంది. మొన్న డాబా మీది కుండీల కోసం నాలుగు వంగమొక్కలు కొంటుంటే, "మట్టే ఉండదమ్మా, రోగం రాదు" అన్నాడు దుకాణమతను గొప్పగా. మాట నిజమే, కానీ నా మనసు చివుక్కుమంది.

తొగుట దగ్గరి మా ఊళ్లో వంగనారంటే మా నాయినమ్మదే. మిరుగం కార్తె తొలి వానలకు నేల మెత్తబడగానే, పెంటెరువూ పొయ్యిబూడిదా కలిపిన మడిలో ఆమె పోసిన నారు కోసం ఆడవాళ్లు తట్టలు పట్టుకుని వచ్చేవారు. ఊదారంగు మీద తెల్లచారల వంకాయ అది. బతుకమ్మ నాటికి కాతకొచ్చేది, నువ్వులపొడి కూరి వండితే జొన్నరొట్టెలు ఎన్ని తిన్నామో మాకే తెలిసేది కాదు. నారు పీకేటప్పుడు ఆమెకొక పట్టింపు, వేళ్ల మట్టి దులపనిచ్చేది కాదు. తొందరపడి దులిపితే నా చేతి మీద ఒక్కటిచ్చేది. "పుట్టిన జాగ మట్టి లేకుంటె గాడ ఎట్ల బతుకుతది పిల్లా?" అని, గడ్డతో సహా మోదుగాకులో చుట్టి ఇచ్చేది.

ఒక ఏడు ఆ వేళ్లకు బుడిపెలు లేచాయి, కొన్ని కందిగింజంత, కొన్ని శనగగింజంత. మేం పిల్లలం వాటిని గిల్లి, కుండపెంకుల్లో పోసి కిరాణాకొట్టు ఆట ఆడుకున్నాం.

"గివేందే నాయినమ్మా?" అని అడిగాను.

"పెసర ఏర్లకు ఉండయా, గసొంటియే. బలమే" అంది.

పెసర వేళ్ల బుడిపెలు భూమికి నిజంగానే మేలు చేస్తాయి, ఆ సంగతి ఆమె చదవకుండానే తెలుసుకున్నది. అంత తెలిసిన మనిషి కాబట్టే అంత ధీమాగా పొరబడింది.

ఆ వానాకాలమే రాజత్త నారుకొచ్చింది. నాయినమ్మకు ఒక్కగానొక్క ఆడబిడ్డ. మామ నడుము పడిపోయి మంచాన ఉంటే, వర్గల్ వైపు ఉన్న అరెకరం కూరగాయల చెల్కతోనే అత్త ఇల్లు నడుస్తోంది. బుడిపెలు బాగా ఉన్న మొక్కలనే నాయినమ్మ ఏరి ఏరి బిడ్డకు కట్టింది. ఆకులు అందించింది నేనే.

ఆ మొక్కలు చావలేదు, ఎదగనూ లేదు. ఎన్ని నీళ్లు పెట్టినా మిట్టమధ్యాహ్నానికి తలలు వాల్చేసేవట. మరుసటేడు అదే చెల్కలో వేసిన టమాటా కూడా అట్లాగే గిడసబారిపోయింది. అత్త ఒక మొక్కను బుడిపెలు లేచిన వేళ్లతో పట్టుకొచ్చి మా వాకిట్లో పడేసింది.

"ఎవుసం ఆఫీసరు చూసిండు. నులిపురుగులంట, కంటికి కనబడయంట. మట్టితోని వస్తయంట." తల్లి వైపు తిరిగి, "మా చెల్కల ముందుగాల గివి లేకుండె అవ్వా" అంది.

అత్త వెళ్లిపోయాక నాయినమ్మ నారుమడి మొత్తం పీకి కాల్చింది. అక్కడితో ఆగలేదు. అటక మీద బూడిద కలిపి దాచిన విత్తనాల మూట తెచ్చి పొయ్యిలో వేసింది.

"ఇత్తనమేం జేసిందే అవ్వా, ఆగు!" అని మా బాపు తల్లి దగ్గరికి ఉరికొచ్చాడు.

"నా బిడ్డ చెల్కను నా చేతుల్తోనే ఖరాబు జేసిన. ఇగ ఎవ్వలికేమియ్య" అంది.

అత్త చెల్క మళ్లీ కోలుకోలేదు, కూలికి పోసాగింది. పండగకొచ్చి తిరిగి పోయేటప్పుడు నాయినమ్మ ఆమె చెప్పులు రెండూ తీసుకుని, అడుగున అంటిన మట్టి పోయేదాకా బాయికాడ కడిగి ఇచ్చేది. తల్లి బిడ్డ చెప్పులు కడగడం చూడలేక నేను ఇంట్లోకి వెళ్లిపోయేదాన్ని. బతికినన్నాళ్లూ నాయినమ్మ మళ్లీ వంకాయ ముట్టలేదు.

ఆ పురుగు విత్తనంలో ఉండదనీ, మట్టిలో, వేళ్లలోనే ఉంటుందనీ నాకు ఈ మధ్యే తెలిసింది. మంచి మట్టిలో పోస్తే ఆ విత్తనం హాయిగా మొలిచేది. ఉండబట్టలేక పోయిన వారం అత్తకు చెప్పాను. ముసలిదైపోయింది, చెవులు మాత్రం బాగానే ఉన్నాయి. అంతా విని అంది:

"ఆఫీసరు ఇంకేందో చెప్పవోతుండె బిడ్డా. మట్టి అన్న మాట ఇనంగనే కోపంతోని అవ్వ దగ్గరికి ఉరికొచ్చిన. ఇంకొక్క మాట ఇనుంటె అవ్వ ఇత్తనం మిగులుతుండె."

చారల వంకాయ ఇప్పుడు మా చుట్టుపక్కల ఎవరింట్లోనూ లేదు. ఊరూరా అడిగి చూశాను.