జంగయ్య కాలు, కారు బ్రేకు

దిల్‌సుఖ్‌నగర్‌లో మా కింద వాటాలో అద్దెకుండే జంగయ్య, ఏది పాడైనా తప్పు తనదే అనుకునే మనిషి. గది కప్పు కారితే మాకు చెప్పడు, మంచం పక్కకు జరుపుకుంటాడు. అలాంటివాడు మోకాలికి పట్టీ వేసుకుని క్యాబ్ నడుపుతుంటే అడక్కుండా ఎలా ఉంటాను?

"బ్రేకు తొక్కనీకె కాలుల తాకత్ లేదు పెద్దమ్మా. కారు అమ్మేసి ఊరికి పోతా," అన్నాడు.

నాకు నమ్మకం కుదరలేదు. ఇంజన్ ఆన్ చేయించి నేనే సీట్లో కూర్చుని తొక్కాను. పెడల్ రాయిలా ఉంది.

"ఇది కారు రోగమయ్యా. ఎవరికైనా చూపించావా?"

"దవాఖానల సూపెట్టిన. కాలుకు ఎక్స్‌రే తీసిండ్రు."

తల పట్టుకుని, ఎల్బీనగర్ నుంచి మెకానిక్ ఉపేంద్రను పిలిపించాను. అతను ఇంజన్ ఆపి పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కి, కాలు తీయకుండా మళ్లీ స్టార్ట్ చేశాడు.

"బాగుంటే ఇప్పుడు పెడల్ కొంచెం కిందికి దిగాలి పిన్నిగారూ. దిగట్లేదు," అన్నాడు.

బానెట్ ఎత్తితే, ఇంజన్ నుంచి బ్రేకు బూస్టర్‌కు వెళ్లే రబ్బరు గొట్టం పగిలి బుసకొడుతోంది. ఇంజన్ గాలిని లాగే ఆ లాగుడుతోనే పెడల్ తేలిగ్గా దిగుతుందట. కొత్త గొట్టం వేయగానే మెత్తగా దిగింది.

ఎలా ఉందో చూద్దామని నేనూ కారెక్కాను. గల్లీ మలుపులో జంగయ్య అలవాటుగా ఒంటి బలమంతా పెట్టి తొక్కాడు. బెల్టు లేకపోతే నా ముక్కు అద్దానికి తగిలేది.

"సూసినవా పెద్దమ్మా, కాలుకు తాకత్ మల్లొచ్చింది. ఇగ కారు అమ్మను," అన్నాడు.

గొట్టం సంగతి మళ్లీ మొదటినుంచి చెప్పే ఓపిక నాకు లేకపోయింది.